పేగు పొట్టిదైన మనిషికి వైద్య జట్టు: కర్నూలు, అనంతపురం, కడప కుటుంబాలకు మెట్టు మెట్టుగా మార్గదర్శి

పెద్దవాళ్ల చిన్నపేగు సుమారు 6 మీటర్ల పొడవు ఉంటుంది. రక్తం గడ్డకట్టి పేగు కుళ్లిపోయినా, మెలిపడినా, క్రోన్స్ లాంటి, పేగు వాచి పుండ్లు పడే జబ్బుతో పదే పదే కోయాల్సి వచ్చినా, చివరికి 2 మీటర్లకన్నా తక్కువ మిగిలితే ఆ పరిస్థితిని షార్ట్ బవెల్ సిండ్రోమ్ అంటారు. తిన్నది ఒంటికి పట్టదు. నీళ్లు, ఉప్పు, మెగ్నీషియం, విటమిన్లు విరేచనాల్లోనో, పేగును పొట్ట మీదికి తెరిచిన రంధ్రానికి (దీన్నే స్టోమా అంటారు) తగిలించిన సంచిలోనో వెళ్లిపోతుంటాయి. ఆపరేషన్ బాగా జరిగిందని ఇంటికి పంపిన మనిషి నెల తిరక్కుండా కిడ్నీలు దెబ్బతిని మళ్లీ క్యాజువాలిటీకి రావడం ఈ జబ్బులో కొత్తేమీ కాదు.

నేను కర్నూలులో డైటీషియన్‌ని, సర్జరీ వార్డుల్లో ఇలాంటివాళ్లతో పనిచేస్తుంటాను. ఈ జబ్బును ఒక్క డాక్టరు చూసుకోలేరు. సర్జన్, గ్యాస్ట్రో డాక్టర్, డైటీషియన్, స్టోమా పని తెలిసిన సిస్టర్, ఫార్మసిస్ట్ అందరూ కలిసి చూడాలి. పెద్ద నగరాల్లోని ప్రత్యేక కేంద్రాల్లో వీళ్లంతా ఒకే గదిలో కూర్చుంటారు. మన దగ్గర సర్జన్ కర్నూలులో ఉంటే గ్యాస్ట్రో డాక్టర్ హైదరాబాద్‌లో ఉంటారు, లేదా అనంతపురం వాళ్లకు బెంగళూరులో, కడప వాళ్లకు తిరుపతిలో. అందుకని జట్టును మన ఇంటి నుంచే కట్టుకోవాలి. అది కుదిరే పనే. ఎలాగో ఒక్కో మెట్టూ చెబుతాను.

మొదటి మెట్టు: డిశ్చార్జ్‌కి ముందే నాలుగు జవాబులు రాయించుకోండి

డిశ్చార్జ్ సమ్మరీలో చాలాసార్లు "పేగు తీసివేయబడింది" అని మాత్రమే ఉంటుంది. అది సరిపోదు. ఎంత తీశారన్నదానికన్నా ఎంత మిగిలిందన్నది ముఖ్యం. సర్జన్ గారిని మర్యాదగా, పట్టు వదలకుండా అడగండి: "సార్, లోపల ఎన్ని సెంటీమీటర్లు మిగిలింది? మిగిలింది మొదటి భాగమా, చివరి భాగమా? పెద్దపేగు ఉందా, దానికి కలిపారా? చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే కవాటం ఉంచారా?" ఈ జవాబులు ఆపరేషన్ నోట్‌లో ఉంటాయి. దాని జిరాక్స్ తీసుకోండి.

రాబోయే జీవితమంతా ఈ జవాబుల మీదే నడుస్తుంది. పెద్దపేగు లేకుండా చిన్నపేగు పొట్ట మీదికి తెరిచి ఉంటే, సుమారు 100 సెం.మీ. కన్నా తక్కువ మిగిలినవాళ్లకు రక్తనాళం ద్వారా పోషణ దీర్ఘకాలం అవసరం కావచ్చు. పెద్దపేగులో సగమో, అంతకన్నా ఎక్కువో కలిసి ఉంటే 60 సెం.మీ. ఉన్నా నెట్టుకురాగలిగే అవకాశం ఉంది. చిన్నపేగు చివరి భాగమూ, కవాటమూ, పెద్దపేగు మొత్తమూ ఉంటే 35 సెం.మీ. దాకా కూడా ఆశ ఉంటుంది. పెద్దపేగు నీటిని, ఉప్పును పీల్చుకోవడమే కాదు, అరగని పిండిపదార్థాన్ని పులియబెట్టి దానిలోంచి శక్తిని కూడా తీసిస్తుంది. అందుకే ఒకేలా కనిపించే ఇద్దరు రోగులకు నేను వేర్వేరు తిండి రాస్తాను. పక్క బెడ్డు వాళ్ల డైట్ చీటీని ఎత్తి రాసుకోవద్దు.

చిన్నపేగు చివరి 60 సెం.మీ. దాకా పోతే విటమిన్ బి12 ఇంజెక్షన్ జీవితాంతం తీసుకోవాలి. ఈ ఒక్క వాక్యం ఎవరూ చెప్పకపోవడం వల్ల రెండు మూడేళ్లకు కాళ్లు తిమ్మిర్లెక్కి, రక్తం తగ్గిపోయి వచ్చేవాళ్లు ఉంటారు.

రెండో మెట్టు: జట్టుకు ఒక పెద్ద ఉండాలి

డాక్టర్లలో ఒకరు మొత్తం బాధ్యత తీసుకోవాలి. గ్యాస్ట్రో డాక్టరైనా, సర్జనైనా, జనరల్ మెడిసిన్ డాక్టరైనా పర్వాలేదు. కొత్త మందు ఎవరు రాసినా, పాత మందు ఎవరు ఆపినా ఆయనకు తెలియాలి. "సార్, మా నాన్న విషయంలో చివరి మాట మీదే అనుకోవచ్చా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే కోప్పడిన డాక్టరు నాకు తెలిసి తక్కువ.

కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రి, కడప రిమ్స్ మూడూ మెడికల్ కాలేజీలకు అనుబంధ ఆసుపత్రులే. కాబట్టి సర్జరీ, మెడిసిన్, పిల్లల విభాగం, ల్యాబ్ ఒకే ఆవరణలో దొరుకుతాయి. ఎక్కడ చూపించుకుంటున్నా, వార్డులో ఉండగానే డైటీషియన్‌ను, స్టోమా సంచి మార్చడం వచ్చిన సిస్టర్‌ను పిలిపించమని అడగండి. మీరు అడక్కపోతే ఈ ఇద్దరూ మంచం దగ్గరికి రాకుండానే డిశ్చార్జ్ అయిపోవచ్చు.

ఊళ్లో ఉండే ఏఎన్ఎమ్, పీహెచ్‌సీ డాక్టర్ కూడా జట్టులోవాళ్లే. బీపీ చూడటం, బి12 ఇంజెక్షన్ వేయడం, రక్తం శాంపిల్ పంపడం వాళ్ల దగ్గర అయిపోతే నెలకోసారి బస్సెక్కే పని తప్పుతుంది. ఇక ఇంట్లో ఒకరిని లెక్కలు చూసేవారిగా పెట్టుకోండి. అందరూ చూసుకుంటారులే అనుకున్న ఇంట్లో ఎవరూ చూడరు. కోడలో, కొడుకో, డిగ్రీ చదువుతున్న మనవరాలో, పేరు పెట్టి ఒకరికి అప్పజెప్పండి. నెలంతా ఆ ఒక్కరే మోయకుండా వారానికి ఒక రోజు ఇంకొకరు తీసుకోవాలి.

మూడో మెట్టు: కొలతల నోట్‌బుక్

జట్టులోవాళ్లు ఒకరినొకరు కలవరు కాబట్టి వాళ్లను కలిపేది ఈ నోట్‌బుక్కే. స్కూలు పిల్లల లాంగ్ నోట్‌బుక్ చాలు. రోజుకో పేజీ. ఎడమవైపు నోట్లోకి వెళ్లింది, కుడివైపు బయటికి వచ్చింది.

కొలవడానికి మిల్లీలీటర్ల గీతలున్న రెండు ప్లాస్టిక్ జగ్గులు కొనండి. ఒకటి మూత్రానికి, ఒకటి సంచిలోదానికి. మార్కర్‌తో పెద్దగా రాసి బాత్రూములోనే ఉంచండి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. కింది క్లిప్పు తీసి జగ్గులోకి వదిలి, జగ్గును నేల మీద పెట్టి, కళ్లను గీత ఎత్తుకు దించి చదివి, వెంటనే రాయాలి. తర్వాత రాద్దాంలే అంటే అంకె గుర్తుండదు. పొద్దున 6 నుంచి మర్నాడు పొద్దున 6 వరకు ఒక రోజు లెక్క. సంచి ఖాళీ చేశాక, ఒకే రకం బట్టల్లో, అదే టైముకు బరువు చూడాలి.

రెండు అంకెలు గుర్తుంచుకోండి. మూత్రం రోజుకు 800 మి.లీ. నుంచి లీటరు దాకా రావాలి. సంచిలో ఒకటిన్నర, రెండు లీటర్లు దాటుతోందంటే జట్టు పెద్దకు ఫోన్ చేయాలి. రెండు రోజుల్లో కిలో తగ్గితే అది కండ తగ్గడం కాదు, నీళ్లు పోవడం. వారానికోసారి ఆ పేజీల ఫొటోలు డాక్టర్‌కి, డైటీషియన్‌కి వాట్సాప్‌లో పంపండి. "కొంచెం ఎక్కువగా పోతున్నాయి సార్" అంటే ఎవరూ ఏమీ తేల్చలేరు. "నిన్న 2,300, మొన్న 2,100, మూత్రం 400" అంటే ఫోన్‌లోనే నిర్ణయం జరిగిపోతుంది.

నాలుగో మెట్టు: దాహం, నీళ్లు, ఉప్పు

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. చేసేవాళ్లంతా ప్రేమతోనే చేస్తారు.

ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక రైతు. పెద్దపేగుకు కలపకుండా స్టోమా పెట్టారు. నాలుక పిడచకట్టుకుపోయి కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "దప్పిక తట్టుకోలేక చెంబు తరవాత చెంబు నీళ్లు తాగుతాన్యా మేడమ్, ఎంత తాగితే అంత సంచిలోకే పోతాంది" అన్నాడు. ఆయన భార్య చెంబు పక్కనే పెట్టుకుని కూర్చుంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చిన్నపేగు మొదటి భాగం గోడ వదులుగా ఉంటుంది. ఉప్పులేని నీళ్లు అక్కడికి చేరితే ఒంట్లోని ఉప్పు పేగులోకి దిగుతుంది, దాని వెంట నీరూ దిగుతుంది. అందుకే తాగినదానికన్నా ఎక్కువే బయటికి పోతుంది. అలాంటి స్టోమా నుంచి లీటరు పోయిందంటే దాదాపు 6 గ్రాముల ఉప్పు పోయినట్టే.

కాబట్టి స్టోమా ఉన్నవాళ్లకు మంచినీళ్లు, టీ, కాఫీ, పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్లు అన్నీ కలిపి రోజుకు అర లీటరు నుంచి లీటరు లోపే. ఎంతన్నది మీ డాక్టర్ చెబుతారు. మిగతాదంతా ఉప్పూ గ్లూకోజూ సరైన పాళ్లలో ఉన్న ద్రావణం. గ్లూకోజ్ తోడుంటేనే పేగు ఉప్పును లోపలికి లాగుతుంది.

ఈ జబ్బుకు వాడే ద్రావణం లీటరు నీటికి గ్లూకోజ్ పొడి 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు. చెంచాల కొలత ఇంటికో రకం కాబట్టి చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కుని తూచండి. లేదంటే మెడికల్ షాపువాళ్ల చేత వారానికి సరిపడా పొట్లాలు తూయించుకోండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. చల్లగా, కొంచెం నిమ్మరసం పిండితే తాగగలుగుతారు. గటగటా తాగకూడదు, రోజంతా గుక్క గుక్కగా తీసుకోవాలి. డబ్ల్యూహెచ్ఓ ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో లీటరుకు 75 మిల్లీమోల్ సోడియం ఉంటుంది, పై ద్రావణంలో 90 దాకా ఉంటుంది. కొందరికి ప్యాకెట్టే చాలు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ మాట లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

షాపుల్లో ఓఆర్ఎస్ పేరుతో వచ్చిన తియ్యటి టెట్రా ప్యాకులు దీనికి పనికిరావు. డబ్ల్యూహెచ్ఓ పాళ్లు లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఆదేశించింది కూడా. చెరకు రసం, గోలీసోడా, కూల్‌డ్రింకులు, జ్యూసులు వద్దే వద్దు. చిక్కటి చక్కెర పేగులోకి నీళ్లను లాగుతుంది.

పెద్దపేగు కలిసి ఉన్నవాళ్లకు నీళ్ల విషయంలో ఇంత కట్టడి సాధారణంగా ఉండదు. వాళ్ల లెక్క వేరు.

కర్నూలులో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటిన రోజుల్లో చెమటలో పోయే ఉప్పు కూడా దీనికి తోడవుతుంది. ఏప్రిల్ మొదటివారంలోనే డాక్టర్‌ను కలిసి వేసవికి ద్రావణం ఎంత పెంచాలో అడిగి నోట్‌బుక్ అట్ట లోపలివైపు రాసుకోండి.

ఐదో మెట్టు: మన తిండి

ఇదంతా చదివి ఇక బ్రెడ్డు, ఇంగ్లీషు సూపులే గతి అనుకోకండి. మన వంటల్లో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. రోజుకు మూడు పూటలు కాకుండా ఆరు నుంచి ఎనిమిదిసార్లు, కొంచెం కొంచెంగా తినాలి. తిన్నదాంట్లో మూడో వంతో, సగమో ఒంటికి పట్టదు కాబట్టి మామూలుకన్నా ఎక్కువ తినాలి. "ఆపరేషన్ అయిన మనిషి, పత్యం పెట్టాలి" అని చారు, మెతుకులతో సరిపెట్టే ఇళ్లలో మనిషి కళ్లముందే ఎండిపోతాడు.

మెత్తగా ఉడికిన అన్నం, ఇడ్లీ, ఉగ్గాని చక్కగా సరిపోతాయి. ఉగ్గాని పక్కన బజ్జీ, పచ్చిమిరపకాయలు మాత్రం తీసేయండి. సంగటి అలవాటున్నవాళ్లు బియ్యం ఎక్కువ, జల్లించిన రాగిపిండి తక్కువ వేసి చిన్న ముద్ద తినవచ్చు. గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన చికెన్, గట్టి పెరుగు రోజూ ఏదో ఒకటి ఉండాలి. పప్పు మెత్తగా మెదిపి, కొంచెం నెయ్యితో. అన్నంతోపాటు నీళ్లు తాగకుండా అరగంట ముందో తర్వాతో తాగితే తిన్నది పేగులో ఇంకొంచెంసేపు నిలుస్తుంది. ప్రతి ముద్దా బాగా నమలాలి.

స్టోమా ఉన్నవాళ్లు ఉప్పు ధారాళంగా వేసుకోవాలి. ఊరగాయ, అప్పడం తగ్గించమని ఊరంతా చెప్పినా మేం పెంచమంటాం. నెయ్యి, నూనె వాళ్లకు పెద్దగా కట్టడి ఉండదు. పెద్దపేగు ఉన్నవాళ్లకు నూనెలు తగ్గించి, అన్నం లాంటి పిండిపదార్థాలు పెంచుతాం. వాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పాలకూర, తోటకూర, చెనిక్కాయలు, బీట్‌రూట్, డికాక్షన్ ఎక్కువున్న టీ లాంటివాటిలోని ఆక్సలేట్ పెద్దపేగు నుంచి రక్తంలోకి చేరి కిడ్నీలో రాళ్లు కడుతుంది. అనంతపురం మనిషిని చెనిక్కాయలు మానమనడం కష్టమే, నాకు తెలుసు. పూర్తిగా మానలేకపోతే తగ్గించి, పెరుగులాంటి కాల్షియం ఉన్నదాంతో కలిపి తినమంటాను. కాల్షియం ఆ ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది.

ఆరో మెట్టు: మందుల చీటీ ఫార్మసిస్ట్‌కు చూపించండి

విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ తిండికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే పని చేస్తుంది. ఈ జబ్బులో మామూలు మోతాదుకన్నా ఎక్కువ రాస్తారు, చూసి భయపడొద్దు. కానీ సొంతంగా పెంచొద్దు, ఎక్కువైతే గుండె లయ మీద ప్రభావం ఉంటుంది. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో పొట్టలో ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది కాబట్టి గ్యాస్ మాత్ర అనే పీపీఐ కూడా అవసరమే. మెల్లగా కరిగే మాత్రలు పొట్టి పేగులో కరగకముందే బయటపడతాయి. సంచిలో మాత్ర చెక్కుచెదరకుండా కనిపిస్తే ఫొటో తీసి డాక్టర్‌కి పంపండి, సిరప్ రూపంలోనో, విప్పి వేసుకునే క్యాప్సూల్ రూపంలోనో మారుస్తారు.

పేగు పీల్చే శక్తిని పెంచే టెడుగ్లుటైడ్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. ఖరీదు చాలా ఎక్కువ. దానికోసం పొలం అమ్మే ఆలోచన చేసేముందు ద్రావణం, తిండి, లోపెరమైడ్ మూడూ సరిగ్గా నడుస్తున్నాయో లేదో జట్టుతో తేల్చుకోండి.

ఏడో మెట్టు: రక్తనాళం ద్వారా పోషణ నడుస్తుంటే

నోటితో సరిపోనివాళ్లకు గ్లూకోజ్, ప్రొటీన్, కొవ్వు, లవణాలు కలిపిన సంచిని పెద్ద రక్తనాళంలోకి వేసిన సెంట్రల్ లైన్ ద్వారా ఎక్కిస్తారు. 1960ల చివర్లో అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ బృందం దీన్ని మనుషుల్లో నిలబెట్టి చూపించేదాకా పేగు పూర్తిగా పోయినవాళ్లు బతికేవాళ్లు కాదు. ఇంటి దగ్గర ఈ పోషణ నడపడం మన దేశంలో కొద్ది కేంద్రాలకే పరిమితం. నడుస్తున్నవాళ్లు మాత్రం ఒక్క నియమం ఎప్పటికీ తప్పకూడదు: ఆ లైన్‌ను నేర్చుకున్నవాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్ఎంపీని పిలిచి ఆ లైన్‌లోనే గ్లూకోజ్ బాటిల్ పెట్టించడం ప్రాణాల మీదికి తెస్తుంది.

లైన్ ఉన్న మనిషికి 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ఎక్కిస్తుండగా వణుకు వచ్చినా, రాత్రి అయినా సరే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకూడదు. క్యాజువాలిటీలో "సెంట్రల్ లైన్ ఉంది, యాంటీబయాటిక్ వేసేముందు లైన్ నుంచి, చేతి నుంచి బ్లడ్ కల్చర్ తీయండి" అని చెప్పండి. పోషణ సంచులు ఫ్రిజ్‌లో ఉండాలి, కరెంటు పోతే ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోండి. బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా పోషణ పెంచితే ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె దెబ్బతినవచ్చు. డాక్టర్లు మెల్లగా పెంచుతున్నారంటే అందుకే, తొందరపెట్టకండి.

ఎనిమిదో మెట్టు: పరీక్షలు, ప్రమాద సూచనలు

సోడియం, పొటాషియం, క్రియాటినిన్, మెగ్నీషియం మొదట్లో తరచూ, కుదురుకున్నాక డాక్టర్ చెప్పిన గడువుకు. బి12, విటమిన్ డి, ఐరన్, జింక్, లివర్ పరీక్షలు కొన్ని నెలలకోసారి. మూత్రంలో సోడియం పరీక్ష చవక, కానీ చాలామంది మర్చిపోతారు. అది 20 కన్నా తక్కువుంటే, రక్తపరీక్ష బాగున్నా సరే, ఒంట్లో ఉప్పు చాలడం లేదని అర్థం.

కాళ్లు చేతులు కొంకర్లు పోతే మెగ్నీషియం గురించి అడగండి. పెద్దపేగు ఉన్నవాళ్లలో అన్నమో, స్వీట్లో ఎక్కువ తిన్నాక మాట తడబడి, తూలుతూ, తాగినవాడిలా ప్రవర్తించడం అరుదుగా జరుగుతుంది. పేగులోని బాక్టీరియా తయారుచేసే డి-లాక్టిక్ ఆమ్లం దానికి కారణం. మామూలు లాక్టేట్ పరీక్షలో అది కనిపించదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి పేగు సంగతి ముందు చెప్పండి.

పిల్లలకైతే ఇవన్నీ పిల్లల డాక్టర్, పిల్లల సర్జన్ చేతుల్లోనే జరగాలి. తల్లిపాలు ఎంత కుదిరితే అంత పట్టాలి. ఎదిగే పేగు కాబట్టి పిల్లల్లో సర్దుకునే శక్తి ఎక్కువ. అవసరమైతే ఉన్న పేగునే పొడుగు చేసే ఆపరేషన్లు కూడా ఉన్నాయి.

తొమ్మిదో మెట్టు: డబ్బు, మనసు

ఆపరేషన్‌కు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించినా, ఇంటికెళ్లాక కావాల్సిన స్టోమా సంచులు, పౌడరు, ఇంజెక్షన్ల ఖర్చు ఎవరిదో డిశ్చార్జ్‌కి ముందే ఆసుపత్రిలోని హెల్ప్ డెస్క్‌లో అడగండి. సంచి రంధ్రాన్ని స్టోమా సైజుకన్నా 2, 3 మిల్లీమీటర్లే ఎక్కువ కత్తిరిస్తే చర్మం కాలకుండా ఉంటుంది, సంచి కూడా ఎక్కువ రోజులు నిలుస్తుంది.

సంచి కారుతుందేమోనన్న టెన్షన్‌తో పెళ్లిళ్లకు, దేవరకు, ఆఖరికి రచ్చబండ దగ్గరికి కూడా వెళ్లడం మానేసినవాళ్లను చూశాను. రాత్రి నిద్ర ఉండదు, సంపాదన ఆగిపోతుంది. మనిషి మాట తగ్గించేస్తే అది కూడా నోట్‌బుక్‌లో రాయండి, డాక్టర్‌కు చెప్పండి. సైకియాట్రీ ఓపీకి వెళ్లడం కూడా ఈ వైద్యంలో భాగమే.

పదో మెట్టు: ఎప్పుడు పెద్ద కేంద్రానికి వెళ్లాలి

మిగిలిన పేగు ఏడాది, రెండేళ్లపాటు సర్దుకుంటూనే ఉంటుంది. లోపలి ముడతలు పెరిగి పీల్చే శక్తి మెరుగవుతుంది. నోటితో తిన్నకొద్దీ అది జరుగుతుంది. స్టోమా ఉండి లోపల పెద్దపేగు మిగిలి ఉంటే, దాన్ని తిరిగి కలిపే ఆపరేషన్ ఎప్పుడన్నది ప్రతి ఓపీలో అడగండి. చాలామంది కథ మలుపు తిరిగేది అక్కడే.

జట్టంతా పని చేస్తున్నా బరువు తగ్గుతూనే ఉంటే, లైన్ ఇన్ఫెక్షన్లు పదే పదే వస్తుంటే, కళ్లు పచ్చబడి లివర్ దెబ్బతింటుంటే ఆలస్యం చేయకుండా పేగు వైద్యంలో, పేగు మార్పిడిలో అనుభవమున్న కేంద్రానికి రెఫర్ చేయమనండి. చెన్నై, కొచ్చిలలో పేగు మార్పిడులు జరిగాయి. వెళ్లేటప్పుడు ఆపరేషన్ నోట్ జిరాక్స్, సీటీ స్కాన్ సీడీ, చివరి మూడు నెలల రక్తపరీక్షలు, నోట్‌బుక్ తీసుకెళ్లండి. దారిలో తాగడానికి రెండు లీటర్ల ద్రావణం కలిపి పెట్టుకోండి, బస్సులోనూ ఎంత తాగారో, సంచిలో ఎంత వచ్చిందో రాస్తూ ఉండండి.